ఏడో పెట్టెలో మగ బల్లిని విడిచిన సంగతి

అనంతగిరి,
తేది 14-6-1978.

సరీసృప పరిశోధనా పథకం అధికారి గారి సముఖమునకు, బల్లుల షెడ్డు అటెండరు కె. పైడయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఏడో పెట్టెలోని బల్లులను సోమవారం విశాఖపట్నం పంపకుండా నిలుపుదల చేయించుట గురించి.

1. తమరు తెప్పించిన ఆడ బల్లులు మగ తోడు లేకనే గుడ్లు పెట్టునని, పిల్లలన్నీ తల్లికి నకళ్ళేనని, వాటి దగ్గరకు మన ఇంటి బల్లిని రానీయరాదని తమరు సెలవిచ్చియున్నారు.

2. సదరు ఉత్తరువును నేను మీరితిని. నిరుడు మాఘమాసంలో నా భార్య తవిటమ్మ షెడ్డు ఊడ్చుచూ, "మగదిక్కు నేకుండా ఎన్నాళ్ళుంతాయివి? మనింటి మగబల్లిని ఒకదాన్ని ఎయ్యి, పున్నెం" అన్నది. నాకూ జాలి వేసినది. పెట్టె జాలీకి పసుపు దారం కట్టి, పెళ్ళి జరిపించినట్లే జరిపించి, మగబల్లిని లోపల విడిచితిమి. ఇందుకు తవిటమ్మ బాధ్యురాలు కాదు. తాళంచెవి నా మొలనే యుండెను.

3. పుట్టినవి తల్లి పోలికా కాదు, తండ్రి పోలికా కాదు. ఇద్దరికంటె పెద్దవి. అన్నీ ఆడవే. విడిగా ఉంచినను అవి కూడా మగ తోడు లేకనే గుడ్లు పెట్టినవి. రిజిస్టరులో ఈ సంగతి వ్రాయలేదు. భయపడితిని.

4. చుట్టుపక్కల మగబల్లులన్నీ షెడ్డుకు చేరుచున్నవి. జాలీ చిరిగిన చోట లోనికి పోయినది ఒక్కటీ తిరిగి రాలేదు. క్వార్టర్ల పది ఇళ్ళలో బల్లి పలికి నెల దాటినది. మా అమ్మాయి సత్యకుమారికి ఇది తొలికాన్పు, నెలలు నిండినవి. తీసుకొని వత్తునా అంటే తవిటమ్మ, "బల్లి పలకని కొంపకి నా గుంటని తేను. అక్కడ ఏటి పెంచినావో నీకే తెల్దు" అనుచున్నది. నిజమే, నాకు తెలియదు. పిల్ల అత్తవారింట ఏడ్చుచున్నదని కబురు.

కావున సదరు సంతతి కొండ దిగకమునుపే ఇక్కడనే నాశనం చేయుటకు అనుమతి దయచేయగలరు. నా ఉద్యోగము తీసివేసినను సరే. ఈ ఒక్క మనవిని మాత్రము ఆలస్యము చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. పైడయ్య

తా.క.: సోమవారం దాకా ఆగకుండానే పెట్టెల కోసం జీపు బయలుదేరిందని కొండ దిగువ టైడా నుంచి కబురు వచ్చింది. ఇక తమ ఉత్తరువు కోసం ఆగలేదు. బల్లిని చంపితే పాపమని తెలిసే, నేనూ తవిటమ్మా ఏడో పెట్టెలో వాటన్నిటినీ గుడ్లతో సహా మరిగే నీళ్ళలో వేశాము. తవిటమ్మ ఏడుస్తూనే వేసింది. నలభై రెండు ఉండాలి. మూడుసార్లు లెక్కపెట్టాము, నలభై ఒకటే. వేరే జీవమైతే తోడు లేక ఒక్కటీ అదే పోతుందని ఊరుకుందుము. దీనికి ఒక్కటి చాలు, బాబూ.