ఆరు సిలిండర్ల చప్పుడు

ప్రియమైన అన్నయ్యకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "సరే సరే, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. నువ్వు మెకానిక్కువో పెద్ద ఆఫీసరువో నాకు తెలియడం లేదు. సరే, రాస్తున్నాను.

మీ బావ పోయి ఏడు నెలలైంది. ఆయన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఇంకా షెడ్డులో టార్పాలిన్ కిందే ఉంది. నిన్న పాత ఇనుము కొనేవాడు వచ్చి, ఇంజిన్ పగిలిన కారు మీకెందుకమ్మా, తూకానికి ఇచ్చెయ్యండి అన్నాడు. మందుల షాపులో పొద్దంతా నిలబడి వచ్చిన కాళ్ళతోనే వాణ్ణి గేటు దాకా తరిమాను.

దాన్ని మళ్ళీ నడిపించాలి అన్నయ్యా. లేకపోతే ఈసారి వాడొచ్చినప్పుడు తరిమే ఓపిక నాకుండదు. ఏ ఇంజిన్ పెట్టాలో నువ్వే చెప్పు. నా చేతిలో ఉన్నది తక్కువని నీకు తెలుసు. ఒక్కటే కోరిక, చప్పుడు పాతదానిలా ఉండాలి. ఆయన వీధి మలుపు తిరుగుతుంటే ఆ చప్పుడు విని పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఇప్పుడు పాలు ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తోచడం లేదు.

నీ పెంకి చెల్లెలు

*

ప్రియమైన పెంకికి,

పాత ఇంజిన్ మీద ఆశ వదులుకో. లోపలి రాడ్డు విరిగి ఇంజిన్ పక్క గోడను పగలగొట్టుకుని బయటికొచ్చింది. అలాంటి ఆరు సిలిండర్లది ఇంకొకటి కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి.

పాత కార్లు విప్పి అమ్మే యార్డులో ఎనిమిది సిలిండర్లది చవకగా దొరుకుతుంది. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టం. దాని బరువుకి ముందు స్ప్రింగులు, బ్రేకులు, గేర్‌బాక్సు, రేడియేటరు అన్నీ మార్చాలి. నా మాట వింటే మామూలు ఫ్యామిలీ కారులోని నాలుగు సిలిండర్లది తీసుకో. తేలిక, గేర్‌బాక్సుతో సహా వస్తుంది. అది కూర్చోడానికి కొత్త బిగింపులు నేను వెల్డింగ్ చేసిస్తాను.

బానెట్ కింద ఎంత ఖాళీ ఉందో కొలవాలి. పాత ఇంజిన్ మీద పిండి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరువు. ముద్ద ఎంత మందం మిగిలిందో రాయి.

చప్పుడుదేముంది, అదేమైనా బండిని లాగుతుందా?

నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

పిండి ముద్ద రెండు వేళ్ళ మందం మిగిలింది. కారుకి రొట్టెలు చేస్తున్నానని పక్కింటావిడ నవ్వుతోంది.

చప్పుడుదేముంది అన్నావు. ఆ మాట నువ్వేనా రాసింది? నట్టు వదులైతే పక్క వీధిలోంచి చెప్పేసే నీ చెవి గురించి పెళ్ళిచూపుల్లోనే మీ బావకి గొప్పలు చెప్పాను నేను. నీ మాటకి నొచ్చుకున్నాను, దాచడం దేనికి.

యార్డుకి వెళ్ళి రెండు ఇంజిన్లనీ నడిపించి టేపు మీద రికార్డు చేయించాను. ఆ క్యాసెట్ దీంతో పంపుతున్నాను, ఒక వైపు నాలుగు, రెండో వైపు ఎనిమిది. రెండూ విని, ఏది మంచి స్థితిలో ఉందో, ఏది ఆయన కారుకి దగ్గరగా ఉందో చెప్పు. నెలాఖరు దాకా ఎవరికీ అమ్మనన్నాడు యార్డు ఆయన.

నీ పెంకి

*

అన్నయ్యా,

మూడు వారాలైంది. క్యాసెట్ అందిందా? ఒంట్లో బాగుందా? రెండు ముక్కలు రాయి చాలు.

చెల్లెలు

*

ప్రియమైన చెల్లెమ్మకి,

క్యాసెట్ అందింది. వేశాను. లోపల చక్రాలు తిరగడం కనిపించింది, అంతే.

రెండేళ్ళుగా నాకు వినికిడి పోతూ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిన మెకానిక్ దగ్గరికి బండి ఎవరు తెస్తారు? చేత్తో తడిమి, పొగ చూసి, ఎదుటివాడి పెదాలు చూసి నెట్టుకొచ్చాను.

చివరిసారి బావ నా దగ్గరికి కారు తెచ్చి, లోపల ఏదో కొట్టుకుంటోంది, విను అన్నాడు. ఎప్పటిలాగే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను. నాకేమీ వినపడలేదు. ఏమీ లేదు బావా, నిశ్చింతగా వెళ్ళు అన్నాను. అది బేరింగ్ అరిగిన చప్పుడు. పని నేర్చుకునేవాడు కూడా పట్టేస్తాడు.

తొమ్మిది రోజులకి ఎత్తు రోడ్డు మీద ఇంజిన్ పగిలింది. ఎండలో ఒక్కడే కారును పక్కకి తోస్తూ కూలిపోయాడు. గుండె ముందే బలహీనంగా ఉందని డాక్టరు అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాట పట్టుకుని బతికాను. ఇక నావల్ల కాదు. తప్పు నా ఒక్కడిదే. నా మొహం చూడనన్నా నేనేమీ అనుకోను.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం నాలుగు రోజులు షాపు కౌంటరు కిందే దాచుకున్నాను. కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ అది నీ దగ్గర ఆగలేదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, "మీ అన్నయ్యకి వినపడటం లేదనుకుంటా. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని నా మొహం చూస్తున్నాడు. కారు ఇంకొకరికి చూపిస్తాను" అన్నారు. నేను అంతెత్తున లేచాను. "మా అన్నయ్య చెవినే అనుమానిస్తారా? ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్తే అన్నయ్యకెంత తలవంపు?" అన్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే, "సరేలే, మీ అన్నయ్య మాటే ఖాయం" అని తాళాలు తీసుకున్నారు.

ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు. నీకు నిజంగానే వినపడదని తెలిస్తే ఆయన మాట నిజమైపోతుంది. అందుకే నువ్వు ఫోన్ ఎత్తకపోయినా ఎందుకని నేను గట్టిగా అడగలేదు. తప్పు నీ ఒక్కడిదే అని రాశావు. సగం నాది, నాకిచ్చెయ్.

నాలుగు సిలిండర్లదే కొన్నాను. దాని చప్పుడు కుట్టు మిషన్‌లా ఉంది. ఆయన చప్పుడు ఇక రాదు, పాలు నాకు తోచినప్పుడు పెట్టుకుంటాను. నువ్వు వచ్చి బిగించు. పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చి ఎక్కడ ఆనించాలో చూపించు. నేను విని చెప్తాను, నువ్వు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్ అవుతామేమో.

ఆదివారం బయల్దేరు. వచ్చి తలుపు కొట్టి నిలబడకు. నేను లోపల్నుంచి పలికినా నీకు వినపడదు కదా. తలుపు తీసే ఉంచుతాను.

నీ పెంకి చెల్లెలు