ఫిర్యాదులు: సున్నా

జులై 2

టెక్కలిలో కరెంటు కంపెనీ సమీక్ష మీటింగ్. ఏ లైనుకి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఆరు నెలలుగా విశాఖలోని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తోంది. పలాస నుంచి అక్కుపల్లి దాకా ఇది ప్రయోగం. మదింపు చేస్తున్న కన్సల్టెంట్ జ్యోత్స్న చివరి స్లయిడ్ చూపించింది. అక్కుపల్లి ఫీడర్, అంటే ఆ ఊరికి కరెంటు తెచ్చే లైను. ఆరు నెలల్లో ఫిర్యాదులు: సున్నా. హాలంతా చప్పట్లు.

నేను కొట్టలేదు. జనవరి నుంచి మా పేపరు పని మీద అక్కుపల్లికి తొమ్మిదిసార్లు వెళ్లాను. ఐదుసార్లు కరెంటు లేదు.

ఈ సున్నా రిపోర్టుకి ఎక్కితే జిల్లా అంతా ఇదే పద్ధతి. అక్కుపల్లి లైన్‌మన్ పోస్టు రద్దు.

జులై 4

ఆ లైన్‌మన్ గున్నయ్య. నేను వెళ్లేసరికి స్తంభం మీద ఉన్నాడు. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి, పింగాణీ ఇన్సులేటర్లను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. సముద్రపు గాలికి వాటి మీద ఉప్పు పేరుకుంటుంది. చినుకు పడగానే లైను ట్రిప్ అయి కరెంటు పోతుంది. అందుకే గాలి తిరిగిన మర్నాడల్లా తుడుస్తాడు. సాఫ్ట్‌వేర్‌కి గాలి వేగం తెలుసు. ఉప్పు తెలియదు.

చేపలకి ఐస్ గది నడిపే బొడ్డమ్మని అడిగాను, కరెంటు పోతే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఎందుకు చెయ్యరని. మండిపడింది. "దానికి సేత్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాది. మా గున్నయ్య మావకి సేత్తే 'వత్తన్నానే' అంటాడు. నువ్వయితే ఎవులికి సేత్తావు?"

గున్నయ్య ఫోన్ చూశాను. జూన్‌లో నూట పద్దెనిమిది కాల్స్. అన్నీ కరెంటు గురించే. ఒక్కటీ కంపెనీ లెక్కలో లేదు.

జులై 5

జ్యోత్స్నకి ఫోన్ చేశాను. లైన్‌మన్ సెల్‌ఫోన్ డేటా కాదంది. నమోదైతేనే ఫిర్యాదట. పదిహేడున రిపోర్టు వెళ్లిపోతుంది.

మా ఎడిటర్‌దీ అదే మాట. లైన్‌మన్ చెప్పాడని వార్త వెయ్యలేం, రికార్డు తెమ్మన్నాడు. అతని కుర్చీలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. అయినా ఒళ్లు మండింది.

జులై 8

ఒడ్డున ఆడవాళ్లకి టోల్‌ఫ్రీ నంబరు రాసిచ్చాను. పేపరు బాబుకి పనేటీ లేదని బొడ్డమ్మ నవ్వింది. ఆ కాగితంలోనే ఎండుచేపలు చుట్టింది.

జులై 10

అక్కుపల్లి నుంచి టోల్‌ఫ్రీకి వెళ్లిన ఫోన్లు: రెండు. రెండూ నావే. నా పేరున ఆ ఊళ్లో కరెంటు కనెక్షన్ లేదని మూసేశారు.

జులై 11

గున్నయ్యకి ఒక సలహా ఇచ్చాను. ఎల్లుండి ఆదివారం, అతని సెలవు. ఫోన్ ఆపెయ్‌మన్నాను. మీరు ఎత్తకపోతే అప్పుడు ఆ నంబరుకే చేస్తారు, రికార్డు అవుతుంది, పోస్టు నిలుస్తుంది అన్నాను. ఇరవై ఆరేళ్లలో సెలవు రోజున కూడా అతను ఫోన్ ఆపలేదు.

అతని భార్య సన్యాసమ్మ నన్ను తినేసేలా చూసింది. "కిడ్నీ రోగులున్న ఊరు. కరెంటు పోతే ఆల గతేటి? పోనాపీమంటావేటి? నీ పేపరు కోసమా?"

"ఒక్క రోజే కదా బావూ," అన్నాడు గున్నయ్య.

వార్త రాయడం నా పని. జరిపించడం కాదు. తెలిసే చెప్పాను.

జులై 13, ఆదివారం

ఉదయం 7. ఫోన్ ఆపేశాడు.

10.40. చినుకులు. లైను పోయింది.

1.15. సబ్‌స్టేషన్ నుంచి ఇద్దరు వచ్చారు. ఏ స్తంభం దగ్గరో వాళ్లకి తెలియదు. సాఫ్ట్‌వేర్ చూపించిన చోట ఏమీ లేదు. గున్నయ్య అరుగు మీద కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు. రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ నేనే ఆపాను.

4.30. బొడ్డమ్మ వచ్చింది. ఐస్ గదిలో కుళ్లిన కవళ్ల చేపలు తట్టెడు అతని గుమ్మంలో కుమ్మరించింది. "సచ్చిపోయావనుకున్నాను మావా! బతికుండి పోనాపీసినావా? థూ!" వెనక సగం ఊరు. ఒక్కరూ ఆమెని ఆపలేదు.

ఫోన్ ఆపమన్నది నేనని అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

6.10. కరెంటు వచ్చింది. గున్నయ్యే వెళ్లి కలిపాడు.

జులై 14

అక్కుపల్లి నుంచి టోల్‌ఫ్రీకి నిన్న నలభై ఒక్క ఫోన్లు! ఎడిటర్ జిల్లా మొదటి పేజీ ఇస్తానన్నాడు. హెడ్డింగ్ కూడా రాసుకున్నాను. ఆ ఫిర్యాదుల విభాగాల వారీ షీట్ రేపు పంపుతానంది జ్యోత్స్న.

జులై 15

షీట్ వచ్చింది.

విద్యుత్ అంతరాయం: సున్నా. సిబ్బంది నిర్లక్ష్యం: నలభై ఒకటి. సిబ్బంది పేరు: గున్నయ్య. కారణం: ఫోన్ ఎత్తలేదు.

పొద్దున అక్కుపల్లిలో మళ్లీ కరెంటు పోయింది. బొడ్డమ్మ అతనికే ఫోన్ చేసిందట. వెళ్లాడు.

నా ఫోన్ మాత్రం ఎత్తలేదు.