లోపలి గడియ

జూన్ 2
అమ్మాయిని చేర్పించడానికి చూసిన మొదటి కాలేజీ. లైబ్రరీ చూడండి, ల్యాబ్ చూడండి అని గైడ్ ఊదరగొట్టాడు. నేను హాస్టల్ బాత్రూమ్ తలుపులు చూశాను. అన్నిటికీ లోపల లావుపాటి గడియలు. వడ్రంగివాణ్ణి, నాకు తలుపులే కనపడతాయి.
మార్చిలో మా అమ్మాయికి స్నానం చేస్తుండగా ఫిట్స్ వచ్చాయి. నేను చేసిన తలుపే, నేను బిగించిన గడియే. పగలగొట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తలుపు గట్టితనం గురించి ఊరంతా గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. ఆ రోజే ఇంట్లో గడియలన్నీ ఊడదీశాను.

జూన్ 5
రెండో కాలేజీ. జబ్బు సంగతి చెప్పాను. రిస్క్ తీసుకోలేమన్నారు, మర్యాదగానే.

జూన్ 6
ఇక ఎక్కడా నోరు విప్పను.

జూన్ 9
మూడోది. అమ్మాయి నవ్వింది, ఎన్నాళ్లకో. ఇదే కావాలంది. సీటు ఖాయం చేసుకోవడానికి పన్నెండో తారీఖు ఆఖరు.
సెలవులు, హాస్టల్ ఖాళీ. తను ల్యాబ్ చూస్తుంటే నేను అటు జారుకున్నాను. స్క్రూడ్రైవర్ జేబులో ఎప్పుడూ ఉంటుంది. మూడో గడియ విప్పుతుంటే వార్డెన్ పట్టుకుంది. చేతిలో గడియ, నోట్లో స్క్రూలు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.
అమ్మాయిని పిలిపించారు. తల దించుకుంటుందనుకున్నాను. తనకి ఫిట్స్ వస్తాయని, మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ లేదని తనే చెప్పేసింది. ఆలోచించి చెప్తానంది వార్డెన్. ముందు గడియలు బిగించి పొమ్మంది. స్క్రూలు రెండుసార్లు కింద పడ్డాయి.
బస్సులో అమ్మాయి కిటికీలోంచి చూస్తూ అంది:
"నిమిషానికోసారి బయట నుంచి పిలుస్తావు నాన్నా. నేను సరిగ్గా స్నానం చేసి మూడు నెలలైంది. ఒళ్లు తడుపుకుని వచ్చేస్తున్నా, అంతే."
ఛీ, నా బతుకు.

జూన్ 11
ఫోన్ రాలేదు. చేజేతులా చెడగొట్టావంది వాళ్లమ్మ. నిజమే.

జూన్ 12, సాయంత్రం 4
వార్డెన్ ఫోన్. సీటిస్తారట. డాక్టర్ లెటర్ తేవాలి, పక్క మంచాల పిల్లలకి విషయం చెప్పాలి. గడియలు మాత్రం తీయరట, మిగతా పిల్లలకీ అవి కావాలట.
వద్దులెండి అని నోటిదాకా వచ్చింది. అమ్మాయి నా మొహమే చూస్తోంది. సరేనన్నాను.

జూన్ 13, ఉదయం 7:10
మా బాత్రూమ్‌కి గడియ బిగించాను. అమ్మాయే అడిగింది. లోపల వేసుకుంది.

7:31
నీళ్ల చప్పుడు ఆగింది.
పిలవనని మాటిచ్చాను.