ఏ ఏటి మోకు ఆ ఏటికే

రాఘవులుకు తర్రెం నుండి మీ బావ వ్రాసేది.

నిన్న మోకు మీద కొండ అంచు దిగి మళ్ళీ తేనె కోశాను. తొమ్మిదేళ్ళ తర్వాత, ఆరు పట్లు. కింద నిలబడ్డ మీ అక్క ఏడుస్తూనే నవ్వింది.

జట్టు ఎంచుకోవడానికే నెల పట్టింది. ఆవపల్లి జట్టువాళ్ళు నేను అడిగిన రోజే "రేపే దిగు" అన్నారు. ఇక్కడి జట్టుపెద్ద ముసలయ్య మాత్రం నా చేతికి గొడ్డలిచ్చాడు. "పోయినేటి మోకులన్నీ ముందు నరుకు. ఏ ఏటి మోకు ఆ ఏటికే. నీది నువ్వే పేనుకో, కొండ సంగతి అటెన్క చూద్దాం" అన్నాడు. గొడ్డలి పట్టుకోగానే నా జట్టు ఇదేనని తేలిపోయింది.

ఎందుకో నీకు చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట మోకు తెగి నేను కొండ మీంచి పడ్డనాడు, పైన పట్టుకున్న నువ్వే దాన్ని రాతికి ఒరుసుకోనిచ్చావని ఊరంతా నిన్నే అన్నది. నేను నోరు మెదపలేదు. నువ్వు మా గడప తొక్కడం మానేశావు. ఆ తెగింది పోయినేటి పాత మోకు, రాఘవులూ. కొత్తది పేనడానికి బద్ధకించి, నీకు చెప్పకుండా తెచ్చాను.

ఈ మాట నిన్న జట్టందరి ముందూ చెప్పాను. పౌర్ణమి వెళ్ళాక పెద్ద కొండ దిగుతాను. మోకు పట్టేది నువ్వేనని ముసలయ్య కూడా ఒప్పుకున్నాడు.

గొడ్డలి తెచ్చుకో. ఆనాటి తెగిన ముక్క ఇంకా మా ఇంటి దూలానికే ఉంది. దాన్ని నువ్వే నరకాలి.