సెన్సర్ పట్టింది నిమ్మరసాన్నే

ఏప్రిల్ 8, మంగళవారం. కోదాడ, హాస్టల్

ఈరోజు రాయకపోతే రేపటికి నేనే మెత్తబడతాను. మా గైడ్ మేడమ్ చెప్పిందే నిజమేమో అనుకుంటాను. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను.

సాంసన్ పెదనాయన గోలీలు మానేశాడు. మెదడులో డోపమైన్ తగ్గితే వచ్చే వణుకుడు జబ్బుకు సూర్యాపేట దవాఖానలో రాసిచ్చిన గోలీలు. అమ్మ ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. నీ మిషిన్‌ల మంచిగ వచ్చిందంట గదా బిడ్డా, ఇగ గోలీలెందుకు అంటుండు మీ పెదనాయిన, అంది.

నా మిషిన్! పెన్సిల్ లెడ్‌తో చేసిన సెన్సర్ అది. డోపమైన్ కలిపిన ఉప్పునీళ్లలో ముంచితే కరెంటు పెరుగుతుంది. దానికి తెలిసింది అంతే. మూత్రంలో ముంచితే మెదడు సంగతి చెప్పదు. ఈ మాట నా గైడ్ శోభారాణి మేడమ్‌కు నాకన్నా బాగా తెలుసు.

మొన్న ఆదివారం మా ఊరు మునగాలలో, చర్చి దగ్గర క్యాంపు. ఊరికే మూత్రం శాంపిల్స్ తీసుకుందాం, నీ థీసిస్‌కు పనికొస్తాయి అన్నారు మేడమ్. విలేకరి రాగానే మాట మారింది. ఒక్కొక్కరినీ పిలిచి నీకు డోపమైన్ ఫుల్లుగా ఉంది, భయం లేదు అని చెప్పడం మొదలుపెట్టారు. పేపర్లో ఫొటో పడింది. అందులో నా మోచేయి ఉంది.

ఏప్రిల్ 9. ల్యాబ్, సాయంత్రం 4

వణుకు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అందరికీ ఎందుకు ఎక్కువ వచ్చింది? ఎలక్ట్రోడ్ మార్చి చూశాను. ఏమీ తేలలేదు. అప్పుడు పెదనాయన భార్య లచ్చమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. క్యాంపు నాడు ఎండకు ఎవరికీ ఒంటికి రావడం లేదని ఆమె బకెట్టు నిండా నిమ్మకాయ నీళ్లు కలిపి గ్లాసు మీద గ్లాసు పోసింది. తాగుండ్రయ్యా, తాగితేనే గద వచ్చేది, సిగ్గుపడితే మేడమ్ ఊకుంటదా అని ఒకటే నవ్వులు.

డోపమైన్ చుక్క కూడా లేని నీళ్లలో నిమ్మరసం పిండాను. సెన్సర్ ముంచాను. ఫుల్లు.

నిమ్మరసంలోని విటమిన్ సి కూడా దాదాపు అదే వోల్టేజీ దగ్గర పలుకుతుంది. రెండింటినీ విడదీసే పూత నాకింకా కుదరలేదు. ఆ పూతే నా పీహెచ్‌డీ.

ఏప్రిల్ 10

మేడమ్‌కు గ్రాఫ్ చూపించాను. గ్రాఫ్ నీట్‌గా వచ్చింది అన్నారు. ఇప్పుడు బయట చెబితే కాలేజీ పరువేం కావాలి, నీ పీహెచ్‌డీ సంగతి కూడా చూసుకో భాగ్యా అన్నారు. అయినా మీ ఊరివాళ్లకు ఇదంతా అర్థమవుతుందా అన్నారు.

మా ఊరివాళ్లకు! మరి భయం లేదని చెప్పినప్పుడు మాత్రం బాగా అర్థమయ్యేట్టు చెప్పారు కదా?

ఏప్రిల్ 11

పెదనాయన టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నాడట.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం. మునగాల

పెదనాయన మంచం మీంచి లేవబోయి గోడకు కొట్టుకున్నాడు. నుదురు వాచింది. సూర్యాపేట పోదామంటే రానన్నాడు. మిషిన్ పట్టుకున్నది నిమ్మరసాన్ని, నీకు జబ్బు తగ్గలేదు, గోలీలు మానొద్దు అని బతిమాలాను. నవ్వాడు. నిమ్మకాయ నీళ్లకూ నా దిమాగ్‌కూ ఏం సంబంధమే పిచ్చిదానా అన్నాడు. మన ఇంట్ల సదివింది నువ్వొక్కదానివే, నువ్వు జేసిన మిషిన్‌ను నువ్వే నమ్మవా అన్నాడు. పక్కింటి పాపయ్య తాత కూడా గోలీలు మానేశాడట.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. అయితే తప్పు నాదేనా బిడ్డా అంది. కాదు పెద్దమ్మా, కాదు అని చేతులు పట్టుకున్నాను. ఒళ్లంతా మండిపోయింది నాకు. ఎవరు చేసిన తప్పు ఎవరు మోయాలి?

చివరికి పెదనాయన అన్నాడు: గా మేడమ్‌ను చెప్పమను, అప్పుడు మింగుతా.

ఏప్రిల్ 14, సోమవారం

మేడమ్‌కు పంపిన మెసేజ్:

మేడమ్, క్యాంపులో చెప్పిన ఫలితాలు తప్పు, గోలీలు మానొద్దు అని మీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పంపండి. గుడ్ ఫ్రైడే నాడు అందరూ చర్చికి వస్తారు, వినిపిస్తాను. మిషిన్ చేసిన పిల్లకు చేతకాలేదని చెప్పినా సరే. గురువారం, ఏప్రిల్ 17 సాయంత్రం లోపు జవాబివ్వండి.