ట్యాంకు మూత మీది బొట్టు

మన సుగుణ బాపుకు,

నేను హుస్నాబాద్ బస్సుకు పోతున్న. నీ పాత మోటర్ సైకిల్‌ను నమ్ముకుంటే పిల్లలు ఇండ్లకు పోయినంక బడికి చేరుత. అన్నం, పప్పు పొయ్యి కాడున్నయి.

లేచినంక మళ్ల కార్బొరేటర్ విప్పి సాప మీద పరచకు. నెల రోజుల్ల నాలుగుసార్లు విప్పి కడిగితివి. ప్లగ్గు గీకితివి. పెట్రోల్ల కిరసనాయిల్ కలిపిండ్రని లోకాన్నంత తిడితివి. బండి మాత్రం రెండు మైళ్లు పోంగనే ఆగుడు ఆగుడే.

నిన్న వెనక కూసొని నేను చూసిన. ఆగినప్పుడల్లా పెట్రోలున్నదా అని నువ్వు మూత తీస్తివి. తియ్యంగనే బుస్సుమన్నది, బండి స్టార్టయింది. "మూతల ఏదో ఉన్నదయ్యా" అంటే "పంతులమ్మవు, నువ్వు పోయి పలకలు దిద్దుకో" అంటివి.

సరే, దిద్దుతున్న, విను. మూతకు సన్నని బెజ్జం ఉన్నది. దాంట్లకెల్లి గాలి పోకుంటే పెట్రోలు కిందికి దిగదు. వేములవాడల బండికి పూజ చేయించిన నాడు పెట్టిన పసుపు కుంకుమ ఆ బెజ్జంల గడ్డ కట్టింది. మూత తీసి, ట్యాంకుకు దూరంగ పట్టుకొని, సూదితోటి పొడువు. గంతే. దీనికి మిస్త్రీ అక్కర్లే, కండ్లుంటే చాలు.

సాయంత్రం నేను బస్సు ఎక్కను. బడి కాడ నిలబడుత, వచ్చి తీస్కపో.

ఇంకోటి. ఆ బొట్టు పెట్టింది నేనే. లైటుకు పెడితే చాలమ్మా అని పూజ చేసిన అయ్యగారు చెప్పినా వినకుండ మూతకు సుత మెత్తిన. గీ ముచ్చట ఎవలకన్న చెప్పినవో, నీ వెనక ఇంక కూసోను.