వంటింటికి తెల్ల గ్రౌటే

అమ్మాయ్, టైల్స్ మేస్త్రీ పదింటికి వస్తాడు. వంటింట్లో కింద వేసిన టైల్స్ సందుల్లో నింపడానికి తెల్ల గ్రౌట్ ప్యాకెట్ కిటికీలో పెట్టాను, అదే ఇవ్వు. నువ్వు తెప్పించిన బూడిదరంగుది షాపులో వాపసిచ్చేసి అటునుంచటే పనికి పోతున్నాను, ఇల్లంతా వెతక్కు. పూర్తిగా ఆరేదాకా ఎవరినీ తొక్కనివ్వకు.

బూడిదరంగైతే మురికి కనబడదన్నావు. నాకు కనబడాలి. నువ్వు ఊడిస్తే చెత్త చోటు మారుతుందంతే, పోదు. నిన్న మా అబ్బాయి చేత సిఫార్సు కూడా చేయించావు. వాడి మాట ఈ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక?

సింకు కింద కొత్త బ్రష్ ఉంది. వారానికోసారి కూర్చుని సందు సందూ తోమాలి. నా మోకాళ్ళు ఇక వంగవు, ఆ పని నీదే. మీ అమ్మకి ఫోన్ చేసి ఏడవాలనుంటే మేస్త్రీ వెళ్ళాక ఏడువు, పరాయివాళ్ళ ముందు వద్దు.

రాయడం మరిచాను. బ్రష్ పక్కనే పాత దిండు పెట్టాను, మోకాళ్ళ కింద వేసుకో. మా అత్త నాకు బ్రష్ ఒక్కటే ఇచ్చింది.